గీజరు: మరమ్మతా, మార్పిడా?

గృహభద్రత శీర్షిక

కార్తిక మాసపు చలి మొదలుకాగానే మన క్వార్టర్లలో రెండు రకాల సందడి కనిపిస్తుంది. ఒకటి వనభోజనాల సన్నాహం. రెండవది, ఆరేడు నెలలుగా స్నానాల గది గోడకు వ్రేలాడుతూ విశ్రాంతి తీసుకున్న గీజరును తిరిగి పనిలో పెట్టే ప్రయత్నం. మీట నొక్కితే కొన్ని ఇళ్ళలో దీపం వెలగదు. కొన్ని ఇళ్ళలో దీపం వెలుగుతుంది, నీళ్ళు మాత్రం కాగవు. మరికొన్ని ఇళ్ళలో నీళ్ళు కాగుతాయి గాని, గోడ వెంబడి సన్నని ధార కారుతూ ఉంటుంది. అప్పుడు ప్రతి ఇంటిలోనూ వినవచ్చే ప్రశ్న ఒక్కటే: దీనిని బాగుచేయించాలా, లేక కొత్తది కొనాలా?

ఈ ప్రశ్నకు సాధారణంగా మనం డబ్బుతోనే సమాధానం చెప్పుకుంటాము. మరమ్మతుకు ఎంత, కొత్తదానికి ఎంత అని లెక్క వేసుకుంటాము. ఆ లెక్క అవసరమే. కాని దానికంటే ముందు అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. చెడిపోయినది నీళ్ళు కాచే భాగమా, నీళ్ళు నిలువ ఉండే భాగమా, లేక మనలను కాపాడే భాగమా? దీనికి సమాధానం తెలిస్తే మరమ్మతా, మార్పిడా అన్నది దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

మూతలేని బాయిలరు, మూత ఉన్న గీజరు

మన పెద్దల కాలంలో పెరటిలో రాగి బాయిలరు ఉండేది. నడుమ నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళు. పైనుండి చెంబుతో చన్నీళ్ళు పోస్తే ప్రక్క గొట్టం నుండి వేన్నీళ్ళు బయటకు వచ్చేవి. పండుగనాటి తలంటు స్నానాలన్నీ దాని చలువే. ఆ బాయిలరుకు గొప్ప గుణం ఒకటి ఉండేది. అది పైకి తెరచియుండే పాత్ర. నిప్పు ఎంత రాజేసినా నీళ్ళు మరిగి ఆవిరి బయటకు పోయేదే గాని, లోపల పీడనం పెరిగేది కాదు. కాలు కాలవచ్చు, చెయ్యి కాలవచ్చు, కాని బాయిలరు పగలడమన్నది ఉండేది కాదు.

నేటి నిలువ గీజరు అట్లు కాదు. అది మూసిన పాత్ర. ఒక ప్రక్క నుండి ఓవర్‌హెడ్ ట్యాంకు నీటి ఒత్తిడి, లోపల వేడి. నీరు వేడెక్కినకొద్దీ వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న 25 లీటర్ల నీటిని 60 డిగ్రీలకు వేడిచేస్తే దాని పరిమాణం సుమారు 350 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగిన నీటికి ఎటో ఒక దారి ఉండాలి. వేడి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఈ రెండు పనులకు గీజరులో మూడు కాపలా పరికరాలను అమర్చుతారు.

మొదటిది థర్మోస్టాట్. నీరు మనం నిర్ణయించిన వేడిమికి చేరగానే విద్యుత్తును ఆపి, చల్లబడగానే తిరిగి కలుపుతుంది. రెండవది థర్మల్ కటౌట్. థర్మోస్టాట్ ఏ కారణం చేతనైనా విఫలమై నీరు మితిమీరి కాగితే, మరిగే స్థితికి చేరకముందే ఇది విద్యుత్తును పూర్తిగా తెంచివేస్తుంది. మూడవది సేఫ్టీ వాల్వు. పై రెండూ విఫలమై లోపల పీడనం పెరిగితే నీటిని, ఆవిరిని బయటకు వదలిపెడుతుంది. ఒకటి విఫలమైతే మరొకటి, అదీ విఫలమైతే ఇంకొకటి. కర్మాగారంలో పనిచేసే మనకు ఈ పద్ధతి కొత్తది కాదు.

కర్మాగారంలోని బాయిలరుకు చట్టం కాపలా ఉన్నది. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం, దాని స్థానంలో 2025లో వచ్చిన బాయిలర్ల చట్టం తనిఖీని, ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేశాయి. సేఫ్టీ వాల్వు పనిచేయని బాయిలరును నడుపుదామని మనలో ఎవరూ కలలోనైనా అనుకోము. కాని స్నానాల గదిలోని గీజరును చూడడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. అక్కడ ఇన్‌స్పెక్టరు గృహస్థే, గృహిణే.

"డైరెక్టు" అనే మాట

మరమ్మతుకు వచ్చిన మనిషి పది నిమిషాలలో పని ముగించి, "థర్మోస్టాట్ పోయిందమ్మా, డైరెక్టు ఇచ్చేశాను, ఇక ఇబ్బంది ఉండదు" అని చెప్పి తక్కువ డబ్బు తీసుకొని వెళ్ళిపోతే మనకు సంతోషం కలుగుతుంది. ఆ సంతోషం ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికే ఈ నెల ఈ శీర్షిక.

డైరెక్టు ఇవ్వడమంటే థర్మోస్టాట్‌ను గాని, కటౌట్‌ను గాని, లేదా రెండింటినీ గాని దాటవేసి తీగను సూటిగా ఎలిమెంటుకు కలపడం. అప్పుడు మనం మీట ఆపేవరకు నీరు కాగుతూనే ఉంటుంది. ఫోను మ్రోగిందనో, పాలు పొంగాయనో మీట ఆపడం మరచిపోతే చాలు. ఇంకొక సాధారణమైన "మరమ్మతు" సేఫ్టీ వాల్వుకు సంబంధించినది. వాల్వు నుండి బొట్లు బొట్లుగా నీరు కారుతున్నదని, దాని నోటికి ఒక ప్లగ్గు బిగించి ఆపివేస్తారు. ఈ రెండు మరమ్మతులూ ఒకే గీజరుకు జరిగిన నాడు గోడమీద ఉన్నది నీళ్ళు కాచే సాధనం కాదు. మందుపాతరతో దానికి పెద్ద తేడా ఉండదు.

లెక్క చూడండి. మూసిన పాత్రలో పీడనం పెరిగినకొద్దీ నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. అందుచేత 100 డిగ్రీలు దాటినా అది నీరుగానే ఉండిపోతుంది. 25 లీటర్ల గీజరులో నీరు 150 డిగ్రీలకు చేరిన తరువాత ట్యాంకు అతుకు విడిపోయిందనుకుందాం. ఆ క్షణంలో నీటిలో దాదాపు పదోవంతు ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆవిరి పరిమాణం నీటికంటే 1,600 రెట్లకు పైమాటే గనుక, ఆ పదోవంతు నీరే సుమారు 3,500 లీటర్ల ఆవిరిగా మారుతుంది. చిన్న స్నానాల గదిలో ఉన్న మొత్తం గాలిలో అది మూడోవంతు. తలుపు, గోడ, మనిషి దాని ముందు నిలువలేవు.

అందుచేత మొదటి సూత్రం ఇది. కాపలా భాగం చెడిపోతే దానిని అదే రకం కొత్త భాగంతో మార్చాలి. అది దొరకకపోతే, దొరికేవరకు గీజరు వాడరాదు. ఆ మోడల్‌కు భాగాలు దొరకడం మానేసిన పాత గీజరైతే, మిగిలినదంతా కొత్తదానివలె ఉన్నా, కొత్త గీజరు కొనవలసిందే. థర్మోస్టాట్, కటౌట్, సేఫ్టీ వాల్వు మూడూ కలిపినా వాటి ఖరీదు కొత్త గీజరు ఖరీదులో స్వల్ప భాగమే. వాటి విషయంలో పొదుపు పొదుపు కాదు.

ఇక్కడే ఒక అపోహను కూడా తొలగించుకోవాలి. నీరు కాగేటప్పుడు మాత్రమే వాల్వు నుండి కొద్దిగా నీరు కారి, చల్లారిన తరువాత ఆగిపోతే అది లోపం కాదు. వ్యాకోచించిన నీరు వెనుకకు పోవడానికి వీలులేనప్పుడు వాల్వు దానిని అట్లా బయటకు పంపుతుంది. అది తన పని తాను చేస్తున్నదన్నమాట. మీట వేయకపోయినా రాత్రింబగళ్ళు కారుతూ ఉంటే మాత్రం వాల్వులో చెత్తగాని సున్నంగాని చేరి ఉండవచ్చు, లేదా పంపు ఒత్తిడి ఎక్కువై ఉండవచ్చు. అప్పుడు వాల్వును శుభ్రపరచడమో, మార్చడమో చేయాలి. మూయడం మాత్రం చేయరాదు. బయటకు వచ్చే నీటిని ఒక చిన్న గొట్టంతో క్రిందికి దించితే గోడ తడవదు. ఆ గొట్టం చివర ఎప్పుడూ తెరచియుండాలి.

రోగ లక్షణాలు, కారణాలు

వైద్యుడు నాడి చూసి మందు వ్రాసినట్లే, గీజరు లక్షణాన్ని చూసి చెడిన భాగాన్ని చాలవరకు ఊహించవచ్చు. క్రింది విషయాలు తెలిసి ఉంటే మెకానిక్కుతో మాట్లాడడం సులువవుతుంది.

దీపం వెలగదు, నీరు కాగదు: ముందు గీజరును కాక విద్యుత్తు దారిని అనుమానించాలి. ఎం.సి.బి. పడిపోయిందా, ప్లగ్గు కాలి నల్లబడిందా, సాకెట్టులో వదులు ఉన్నదా చూడాలి. 2 కిలోవాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు తీసుకుంటుంది. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకు అడాప్టరు తగిలించి దానిని నడిపితే సాకెట్టు కాలిపోవడంలో ఆశ్చర్యం లేదు. 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి. విద్యుత్తు దారి సవ్యంగానే ఉంటే థర్మోస్టాట్ గాని కటౌట్ గాని కారణమై ఉంటుంది.

దీపం వెలుగుతుంది, నీరు మాత్రం చల్లగానే ఉంటుంది: చాలా మోడళ్ళలో దీని అర్థం ఎలిమెంటు తెగిపోయిందని. మెకానిక్కు ప్లగ్గు తీసివేసిన తరువాత మల్టీమీటరుతో ఎలిమెంటు నిరోధాన్ని కొలుస్తాడు. 230 వోల్టుల వద్ద 2 కిలోవాట్ల ఎలిమెంటు నిరోధం సుమారు 26 ఓములు ఉండాలి. ముల్లు కదలకపోతే ఎలిమెంటు తెగినట్లే. ఎలిమెంటు మార్చడం సాధారణమైన, సురక్షితమైన మరమ్మతు. కొత్తది అదే వాటేజి, అదే అమరిక కలదై ఉండాలి. దానితోపాటు రబ్బరు గాస్కెట్టును కూడా మార్చించాలి. పాత గాస్కెట్టునే తిరిగి బిగిస్తే వారంలోగా కారడం మొదలవుతుంది.

కటౌట్ మాటిమాటికి పడిపోతుంది: రీసెట్ బొత్తాం నొక్కగానే గీజరు పనిచేయడంతో చాలామంది సంతృప్తి పడతారు. కటౌట్ పడిందంటే నీరు మితిమీరి వేడెక్కిందని అర్థం. ఒకసారి పడితే గమనించాలి. రెండవసారి పడితే థర్మోస్టాట్ మార్చాలి.

నీరు ఆలస్యంగా కాగుతుంది, లోపల చిటపటమని శబ్దం: ఇది ఉప్పునీటి ఫలితం. దీనిని గూర్చి ముందు వివరంగా చెప్పుకుందాము.

నీటిని తాకితే జిల్లుమంటుంది, లేదా మీట వేయగానే బ్రేకరు పడిపోతుంది: ఎలిమెంటుపై తొడుగు పగిలి విద్యుత్తు నీటిలోకి వస్తున్నదన్నమాట. ఆ క్షణమే మెయిన్ ఆపాలి. మరమ్మతు పూర్తి అయ్యేవరకు ఆ గదిలో కుళాయిని కూడా తాకరాదు.

నీటి కారుడు: ఎక్కడినుండి కారుతున్నదో చూడాలి. వాల్వు నుండి అయితే పైన చెప్పుకున్నాము. గొట్టాల బిగింపుల వద్ద అయితే బిగింపులు మార్చాలి. ఎలిమెంటు అమర్చిన ఫ్లాంజి వద్ద అయితే గాస్కెట్టు. ఇవేవీ కాక పై తొడుగు అడుగు నుండి నీరు చెమరుస్తూ ఉంటే, దానితోపాటు వేన్నీళ్ళు త్రుప్పు రంగులో వస్తూ ఉంటే లోపలి ట్యాంకు చిల్లుపడినదని అర్థం.

ట్యాంకు పోతే గీజరు పోయినట్లే

ఇది రెండవ సూత్రం. చిల్లుపడిన ట్యాంకుకు వెల్డింగు చేసి ఇస్తామనేవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఉక్కు గూర్చి, వెల్డింగు గూర్చి తెలిసిన మన ఉద్యోగులలో కొందరికి ఆ పని తామే చేసుకుందామని కూడా తోచవచ్చు. వద్దు. చాలా ట్యాంకులకు లోపలివైపు గాజు పూత ఉంటుంది. వెల్డింగు వేడికి ఆ పూత చుట్టుప్రక్కల పెచ్చులూడిపోతుంది. అక్కడినుండి త్రుప్పు మరింత వేగంగా వ్యాపిస్తుంది. పైగా ఒకచోట చిల్లుపడిందంటే మిగిలినచోట్ల రేకు అప్పటికే పలుచబడి ఉంటుంది. పీడనాన్ని భరించవలసిన పాత్రకు బలహీనమైన గోడ ఉండకూడదు. ట్యాంకును ఆవరించిన నురుగు పొర కాలిపోతే వేడి నిలువదు, విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది.

ఇంతకూ ట్యాంకు చిల్లుపడకుండా చేయగలిగినది ఏదైనా ఉన్నదా? ఉన్నది. గాజు పూత గల ట్యాంకులలో యానోడ్ అనే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. నీటిలోని క్షయకారక చర్యను అది తనమీదికి తీసుకొని, తాను అరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకల రాగి తొడుగును కాపాడడానికి సూచించినది ఇదే సూత్రం. నేడు ఓడల అడుగు భాగాలకు, భూగర్భ పైపులైన్లకు వాడుతున్నదీ ఇదే. యానోడ్ అరిగిపోయిన తరువాత త్రుప్పు ట్యాంకు మీదికి వస్తుంది. అందుచేత రెండేళ్ళకొకసారి, బోరు నీరు వాడే ఇళ్ళలో ఏడాదికొకసారి, దానిని తీయించి చూడాలి. సగానికి పైగా అరిగిపోతే మార్చాలి. ఇంత చిన్న కడ్డీని మార్చినందువలన ట్యాంకు ఆయుష్షు ఎన్నో ఏళ్ళు పెరుగుతుంది. కాని గీజరు కొన్ననాటి నుండి పారవేసేవరకు ఒక్కసారి కూడా దీనిని చూడని ఇళ్ళే ఎక్కువ.

ఉప్పునీరు చేసే హాని

భారత ప్రమాణాల సంస్థ త్రాగునీటి ప్రమాణం ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే ఆధారం లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం గల నీటిని ఒక కుటుంబం రోజుకు 100 లీటర్లు గీజరు ద్వారా వాడితే, ఏడాదిలో ఆ గీజరులో నుండి సుమారు 11 కిలోల సున్నపు లవణాలు ప్రయాణిస్తాయి. వాటిలో పదోవంతు లోపల పేరుకున్నా అది ఒక కిలోకు పైన. ఆ సున్నం ఎలిమెంటు చుట్టూ కవచమై వేడిని నీటిలోకి పోనివ్వదు. ఎలిమెంటు తన వేడికి తానే మాడిపోతుంది. ఏటా ఎలిమెంటు మార్చవలసి వస్తున్నదని విచారించేవారు చూసుకోవలసినది కంపెనీ పేరును కాదు, ఇంటి నీటిని.

దీనికి చేయవలసినవి మూడు. ఒకటి, థర్మోస్టాట్‌ను 50 నుండి 55 డిగ్రీల మధ్య ఉంచడం. వేడి పెరిగినకొద్దీ సున్నం ఎక్కువగా విడిపోతుంది. పైగా 60 డిగ్రీల నీరు చర్మాన్ని కొద్ది క్షణాలలోనే కాల్చగలదు. చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట ఇది ముఖ్యం. రెండు, ఏడాదికొకసారి చలికాలానికి ముందు ఎలిమెంటును విప్పించి శుభ్రం చేయించడం. దానిని నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెడితే సున్నం మెత్తబడి ఊడివస్తుంది. గచ్చు కడిగే యాసిడ్‌ను మాత్రం వాడరాదు. అది సున్నంతోపాటు లోహాన్ని కూడా తింటుంది. మూడు, అదే సమయంలో ట్యాంకు అడుగున చేరిన మడ్డిని వదలించడం.

విప్పి బిగించిన తరువాత ఒక జాగ్రత్త. వేన్నీళ్ళ కుళాయి తెరచి, గాలి అంతా పోయి నీరు నిండుగా వచ్చేవరకు ఆగి, ఆ తరువాతనే మీట వేయాలి. నీరు లేని ట్యాంకులో ఎలిమెంటు నిమిషాలలో మాడిపోతుంది. సగం "కొత్త ఎలిమెంటు దోషాలు" నిజానికి ఈ తొందరపాటు దోషాలే.

ఎర్తింగు లేనిదే గీజరు లేదు

గీజరు బాగున్నదా లేదా అన్న ప్రశ్నకు సగం సమాధానం గోడలోని సాకెట్టులో ఉంటుంది. తడిసిన శరీరానికి 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తే ప్రాణాంతకం కావచ్చు. గీజరు ఎం.సి.బి. 16 ఆంపియర్లది. అంటే దాదాపు ఐదు వందల రెట్లు ఎక్కువ. కనుక ఎం.సి.బి. తీగలను కాపాడుతుందే గాని స్నానం చేస్తున్న మనిషిని కాపాడలేదు. మనిషిని కాపాడేవి రెండు. ఒకటి, సాకెట్టులోని పెద్ద రంధ్రం వెనుక నిజంగా పనిచేస్తున్న ఎర్తు తీగ. రెండు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఇది స్వల్పమైన కారుడును కూడా గుర్తించి కన్నుమూసి తెరిచేలోగా విద్యుత్తును తెంచుతుంది. దానిమీద "టెస్టు" బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కినప్పుడు పడిపోకపోతే అది అలంకారమే.

ఇవి రెండూ ఉన్నప్పటికీ, మీట ఆపిన తరువాతనే స్నానానికి వెళ్ళే అలవాటు మంచిది. గీజరు మీట స్నానాల గది బయట ఉంటే మరీ మంచిది.

గీజరు మరమ్మతుకు వెళ్ళిన ఆ నాలుగైదు రోజులలో ఇంకొక ప్రమాదం పొంచి ఉంటుంది. అటకమీది నుండి పాత ఇమ్మర్షన్ రాడ్డు క్రిందికి దిగుతుంది. బకెట్టులో రాడ్డు పెట్టి, కాగిందో లేదో వేలు పెట్టి చూసి ప్రాణాలు కోల్పోయినవారి వార్తలు ప్రతి చలికాలంలోనూ చదువుతూనే ఉన్నాము. రాడ్డు వాడక తప్పకపోతే ముందుగా నీటిలో ముంచి ఆ తరువాత మీట వేయాలి. మీట ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిని తాకాలి. పిల్లలున్న ఇంట పొయ్యిమీద కాచుకోవడమే మేలు.

గ్యాసు గీజరు

విద్యుత్తు కోతలకు విసిగి, విద్యుత్ గీజరు స్థానంలో గ్యాసు గీజరు పెట్టుకునేవారు ఉన్నారు. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ నీటిని గ్యాసుతో కాచే సాధనాన్ని రూపొందించి, ఐస్‌లాండ్‌లోని వేడినీటి బుగ్గ గేసిర్‌ను తలపించేలా దానికి "గీజరు" అని పేరు పెట్టాడు. అందులో పొగ బయటకు పోయే గొట్టం లేదు. లోపం నాడే బయటపడింది. అయినా నేటికీ మనం కిటికీలేని స్నానాల గదులలో గ్యాసు గీజరును బిగించి అదే తప్పు చేస్తున్నాము. గాలి చాలనిచోట గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ప్రాణవాయువుకంటే 200 రెట్లకు మించిన ఆకర్షణతో కలుస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, ఆపైన స్పృహ తప్పడం. గడియ వేసుకున్న గదిలో ఉన్న మనిషి పిలిచే స్థితిలో కూడా ఉండడు. గ్యాసు గీజరు స్నానాల గది వెలుపల, గాలి ఆడే చోట, పొగ గొట్టంతో మాత్రమే ఉండాలి. మంట నీలంగా కాక పసుపుగా ఉంటే వెంటనే వాడకం ఆపి శుభ్రం చేయించాలి.

కొత్తది కొనవలసి వస్తే

ముందుగా పరిమాణం. 60 డిగ్రీల నీరు 25 లీటర్లు ఉంటే, 25 డిగ్రీల చన్నీటితో కలిపి 40 డిగ్రీల స్నానపు నీరు సుమారు 58 లీటర్లు అవుతుంది. అంటే మూడు బకెట్లు. 15 లీటర్ల గీజరైతే 35 లీటర్లు. ఉత్తరాదికి బదిలీ అయిన మన ఉద్యోగులకు లెక్క మారుతుంది. చన్నీరు 15 డిగ్రీలుంటే అదే 25 లీటర్లు 45 లీటర్లే అవుతాయి. ఖర్చు విషయానికి వస్తే, 25 లీటర్లను 25 నుండి 60 డిగ్రీలకు కాచడానికి దాదాపు ఒక యూనిట్టు పడుతుంది. 2 కిలోవాట్ల గీజరులో అరగంట. ఏ కంపెనీదైనా ఈ లెక్క మారదు.

మరి నక్షత్రాల గుర్తు దేనికి? కాగిన నీరు ఊరక నిలువ ఉన్నప్పుడు కోల్పోయే వేడిని అది తెలుపుతుంది. 24 గంటలలో ఎన్ని యూనిట్లు వృథా అవుతాయో లేబులుమీద ఉంటుంది. రోజంతా గీజరు వేసి ఉంచే ఇంటికి ఎక్కువ నక్షత్రాలది లాభం. స్నానానికి ముందు అరగంట వేసి ఆపే ఇంటికి ఆ తేడా స్వల్పం. కనుక నక్షత్రాల కోసమే మంచి స్థితిలో ఉన్న గీజరును పారవేయనక్కరలేదు.

తరువాత పీడనం. పది మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి కలిగిస్తుంది. రెండంతస్తుల క్వార్టరుకు ఏ గీజరైనా సరిపోతుంది. పదవీ విరమణ తరువాత ఎత్తైన అపార్టుమెంటుకు మారేవారు మాత్రం 8 బార్ల పీడనానికి తగినదేనా అని నేమ్‌ప్లేటు చూసి కొనాలి. ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. నీటితో నిండిన 25 లీటర్ల గీజరు బరువు 35 కిలోలకు తగ్గదు. గోడకు అది ఆనుతుందో లేదో ముందే చూసుకోవాలి.

చివరి మాట పాతదానిని గూర్చి. కొత్తది రాగానే పాత గీజరును పనిమనిషికో, ఊరిలోని బంధువులకో ఇచ్చివేయడం మనకు అలవాటు. ఉపకార బుద్ధితోనే ఇస్తాము. కాని కటౌట్ తీసివేసినది, ట్యాంకు చెమరుస్తున్నది, ఎర్తింగు లేని ఇంటికి వెళ్ళితే దాని ఫలితం ఎవరు అనుభవిస్తారు? మన ఇంట ఉంచుకోవడానికి భయపడిన వస్తువును ఇంకొకరి ఇంటికి పంపరాదు. దానిని విప్పించి తుక్కుగానే అమ్మాలి.

1966లో జాతీయ భద్రతా మండలి స్థాపితమైన మార్చి 4వ తేదీని ఏటా భద్రతా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆనాడు కర్మాగారం ద్వారం వద్ద నిలబడి, భద్రతా పరికరాలను దాటవేయబోమని ప్రతిజ్ఞ చేస్తాము. ఆ ప్రతిజ్ఞ పరిధి ద్వారం దగ్గర ముగిసిపోదు. ఈ ఆదివారం పాఠకులు తమ గీజరును గూర్చి మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలని కోరుతున్నాము. థర్మోస్టాట్, కటౌట్ రెండూ తీగ మార్గంలోనే ఉన్నాయా? సేఫ్టీ వాల్వు నోరు తెరచి ఉన్నదా? ఆర్.సి.సి.బి. టెస్టు బొత్తానికి స్పందిస్తున్నదా? మూటికీ అవునని జవాబు వస్తే ఈ చలికాలం నిశ్చింతగా స్నానం చేయవచ్చు. ఒక్కదానికి కాదని వచ్చినా, అది సరయ్యేవరకు నీళ్ళు పొయ్యిమీదనే కాచుకోండి.

వచ్చే నెల: ఇంటి వైరింగు, ఎర్తింగు తనిఖీ.